వరాహస్వామి నెయ్యి, తమ్ముడి తూటాలు

ఈ ఉదయం స్నానం చేసి, ముగ్గేసి, వరాహస్వామి పటం ముందు దీపం పెట్టబోతే నేతిగిన్నె కనబడలేదు. వెతుక్కుంటూ వసారాలోకి వెళ్లాను. తమ్ముడు ఖాళీ ఇత్తడి తూటాలను వరసగా నిలబెట్టి, పుల్లకు చుట్టిన దూదిని నా గిన్నెలో ముంచి, ఒక్కోదాని మెడలోపల పూస్తున్నాడు. నాలుగు రోజుల్లో పెరకాల్సిన శెనక్కాయ చేనును అడవిపందులు తవ్వేస్తున్నాయి. అందుకని తన లైసెన్సు తుపాకీకి పాత తూటాలనే మళ్లీ నింపుకుంటున్నాడు.

"ఏందిరా ఇది?"

"గ్రీజు అయిపోయిందక్కా. మెడలో జిడ్డు లేకుంటే తూటాలు నింపే మిషన్లో ఇరుక్కుంటాది."

"వరాహస్వామి నెయ్యి పూసి పందిని కొడతావా?"

"కొట్టనక్కా, బెదిరిస్తా, అంతే."

"ఎవుర్ని? స్వామినా?"

వాడు దూది కింద పెట్టేశాడు. దీపం వెలిగించేటప్పుడు నాకూ నవ్వు ఆగలేదు. చేనూ దక్కాలి, స్వామికీ కోపం రాకూడదు. మీరైతే ఏం చేసేవారో చెప్పండి.

మేమైతే సాయంత్రం నాయన దగ్గర కూర్చుని తేల్చుకున్నాం. గట్టు పక్క రెండు సాళ్లు స్వామికి వదిలేయాలి. హద్దు అక్కడిదాకానే అని పందులకు చెప్పే పనిని, వాయించడానికి రేకుడబ్బా చేతికిచ్చి, తమ్ముడికే అప్పగించాం.