బావ కొత్త కారు, గొర్రెల తాత

మా బావ తన కొత్త కారు నడపడానికి కాదు, దాంతో పోట్లాడటానికి ఇచ్చినట్టుంది. ఏసీకి ఒక స్విచ్చంటూ లేదు, అన్నీ స్టీరింగు పక్కనున్న ఆ టచ్ తెర మీదే. చలి తగ్గిద్దామని నొక్కితే మ్యాపు మాయం. మ్యాపు తెచ్చుకుంటే ఏసీ ఎక్కడ దాక్కుందో తెలియదు. పొదిలి దాటినప్పటి నుంచి ఇదే గోల.

మార్కాపురం దాటి పల్లె దోవ పట్టినాక, చెయ్యెత్తిన ఒక గొర్రెల తాతను ఎక్కించుకున్నాను. మండే ఎండాకాలంలో ఆ ముసలాయన గొంగడి ముసుగేసుకొని వణుకుతా కూర్చున్నాడు. నాకు సిగ్గేసింది. బండి ఆపి తెరంతా వేళ్లతో పొడిచినాను. చలి ఇంకా పెరిగింది.

ఇంతలో కారులోని ఆడగొంతు "కుడివైపు తిరగండి" అంది.

"అటు పోతే పలకల గనిలో పడతాం. గని తవ్వి ఆ దోవ ఎప్పుడో తెగ్గొట్టినారు," అన్నాడు తాత. "ఈయమ్మది ఏ ఊరు?"

"ఏ ఊరూ కాదు తాతా, మిషన్."

"ఊరే లేని మనిషిని దోవ అడుగుతావేంది నాయనా? ముందు ఆ అద్దం దించు."

దించినాను. వడగాలి కొట్టింది. తాత గొంగడి తీసి, తల బయటపెట్టి, చేలో ఉన్న మనిషిని కేకేసినాడు. ముందు వాళ్ల నాయన ఎవరో కనుక్కున్నాడు. నేను పోవాల్సిన ఊరికి దోవ తర్వాత అడిగినాడు.

బావ కారు అడిగి తెచ్చుకుంటూనే ఉన్నాను, ఆ తెర వాడటం ఇప్పుడు నాకు బాగానే వచ్చు. అయినా ఆ మిషనమ్మ తిరగమన్నప్పుడల్లా నా చెయ్యి ముందు అద్దం దించడానికే పోతుంది.