టవర్ మీంచి జారిన రేకు

2013లో కళింగపట్నంలో ఇళ్లకు వైర్‌లెస్ నెట్ ఇచ్చేవాణ్ణి. టవర్ మీది పెట్టెలో రెండు రేడియో కార్డులు పక్కపక్కనే ఉండేవి. ఒకటి సిగ్నల్ పంపితే రెండోది చెవిటిదైపోయి లైను తెగిపోయేది. మధ్యలో అడ్డు పెడదామని జీడిపప్పు డబ్బా రేకు కత్తిరించి పైకెక్కాను. పెట్టె తెరిచేలోగా సముద్రపు గాలి రేకును లాక్కుపోయింది. సరిగ్గా కింద మా మేనమావ సామాన్లు పైకి పంపే తాడు పట్టుకుని ఉన్నాడు.

"తప్పుకో మావా!" అని అరిచాను.

ఆయన కదల్లేదు. ఏమంటున్నానోనని ముఖం పైకెత్తాడు. పదునైన రేకు గిరగిరా తిరుగుతూ ఆ ముఖం మీదికే దిగుతోంది. కళ్లు మూసేసుకున్నాను.

"ఒరే, సెవి పక్కనుంచి ఎలిపోనాది. మల్లీ పైకి పంపమంటావేటి?" అని మావ గొంతు వినబడింది.

ఆ రేకే అడ్డు పెట్టాక లైను మళ్లీ తెగలేదు. కానీ ఆయన ముఖాన్ని దానికి ఎదురు తిప్పింది నా అరుపే. ఇప్పటికీ టవరెక్కితే కిందివాళ్లను కేకెయ్యను.