కత్తితోక కీచురాయి పాడిన పూట

మోటారు ఒకటి. పైపులు ఆరు. గడ్డపారలు నాలుగు, పారలు మూడు, గంపలు పదకొండు. సద్ది క్యారియరు ఒకటి. నా బావమరిది మునిరత్నం కొత్త చెప్పులు ఒక జత. బావి ఉత్తరపు ఒడ్డు ఇరవై రెండు అడుగులు. ఎనభైలలో ఒక వేసవి మధ్యాహ్నం, నగరి దగ్గర మా చేనులో మేం పోగొట్టుకున్నది ఇంతే. మనుషులెవరూ పోలేదు. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

దయ్యాలనూ శకునాలనూ నేనెప్పుడూ నమ్మలేదు. నాలుగో తరగతితో బడి మానేసి, కొలతలన్నీ సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. ఎంచి చూడనిదేదీ నాకు నిజం కాదు.

కీచురాళ్ళను కూడా ఎంచేవాణ్ణి. పొద్దు వాలాక కంది చేలో అదే నా కాలక్షేపం. ఆకుపచ్చ కీచురాయిని జానెడు దూరం నుంచి చూడాలి. మీసాలు ఒంటికంటే పొడవు. చెవులు ముందుకాళ్ళ మీద, మోకాళ్ళ కింద సన్నటి చీలికల్లా ఉంటాయి. మగది రెక్క మీద రెక్క రాసి పాడుతుంది. ఆడదానికి తోక చివర గుడ్లు పెట్టే చిన్న కత్తి ఉంటుంది. అది పాడదు. అప్పటికి నూట అరవై కత్తితోకల్ని చూశాను, ఒక్కటీ పాడలేదు.

ఆ రోజు ఎండిపోయిన బావిని లోతు చేస్తున్నాం. కింద మునిరత్నంతో కలిపి ఐదుగురు. పైన తాడు నా చేతిలో. బావి పనిలో తాడు పట్టినవాడి మాటే మాట. ఎక్కమంటే ఎక్కాలి, కారణం పైకొచ్చాక అడగాలి.

నలభై మూడో గంప దించి చూస్తే గిలక కొయ్య మీద పచ్చ కీచురాయి. కత్తితోకది. పాడుతోంది.

వంగి చూశాను. రెక్కలు కదలడం లేదు. కొయ్యంతా వెతికాను, ఇంకొకటి లేదు. చెవి ఆనించి విన్నాను. పాట దానిలోంచే వస్తోంది. అది పద్దెనిమిది సార్లు పాడేదాకా ఎంచాను.

లెక్క తప్పితే, ఎక్కడ తప్పిందో తేలేదాకా పని ఆపడం నా పద్ధతి.

"అందరూ ఎక్కి రాండి" అన్నాను.

"ఏమి బావా, గంపల లెక్క మర్చిపోతివా?" అని మునిరత్నం కిందనుంచి.

"ఈడ ఆడ పురుగు పాడతా ఉండాది. ఎక్కండప్పా."

"పాడనీలే. మా అక్కను అరవొద్దంటే ఆగిందా, ఇది ఆగేదానికి?"

నవ్వుకుంటూ, తిట్టుకుంటూనే ఎక్కారు. ఆఖరున మునిరత్నం. చెప్పుల కోసం ఉత్తరపు ఒడ్డు వైపు రెండడుగులు వేశాడు. మూడో అడుగుకు ఒడ్డు లేదు. చెప్పులు, మోటారు, మట్టి, అన్నీ కలిసి లోపలికి జారాయి. దుమ్ము తగ్గాక మాలో ముగ్గురు మూడుసార్లు తలలు ఎంచారు, ఆరూ ఉన్నాయి.

మట్టి అదిరి పురుగు బెదిరిందని కొందరన్నారు. బెదిరితే కీచురాయి నోరు మూస్తుంది. పాడదు. కదలని రెక్కల్లోంచి అసలే పాడదు. అది అమ్మవారి పని అని మా అత్త అంది. దానికీ నా దగ్గర రుజువు లేదు.

ఆ ఐదుగురినీ పైకి తెచ్చింది నా మాటే. ఇది గర్వంగానే చెప్పుకుంటాను. ఆ తర్వాత మునిరత్నం నేను తాడు పట్టని బావిలో దిగలేదు.

ఆనాటి నుంచి ఇంకో ఐదు వందల ఏడు కత్తితోకల్ని ఒక్కొక్కటిగా దగ్గరగా చూశాను. అన్నీ మూగవే. ఒక్కసారి జరిగినదాన్ని లెక్క కట్టలేం, సరిచూడ్డానికి రెండోది కావాలి. నాకు రావలసింది ఇప్పటికీ ఒకటి.