పెనం మోగితే పరుగే

సుడిగాలులు తరచూ వచ్చే విచిటా నగరంలో డెల్మర్ ఉన్రూకు ఒకటే పిచ్చి: రాని ఆపదకు పరుగెత్తడం. గోధుమ గిడ్డంగిలో పనిచేసి రిటైరయ్యాక, శనివారం వచ్చిందంటే చాలు, గరిటెతో పెనం బాదేవాడు. ఒక్క దెబ్బ కొడితే సుడిగాలి, అందరూ నేలమాళిగలోకి దిగాలి. రెండు కొడితే వరద, అందరూ మేడెక్కాలి. అందరూ అంటే ముగ్గురే: ఆయన, భార్య లవోన్, ఎనభై రెండేళ్ళ అత్తగారు హుల్డా.

తిండి వేళని లేదు, స్నానం వేళని లేదు. లవోన్ ఒకసారి తల మీద సబ్బు నురగతోనే దిగింది.

"నాలుగు నిమిషాల పది సెకన్లు! ఈపాటికి కప్పు ఎగిరిపోయుండేది," అన్నాడు గడియారం చూసి.

"ఎగిరితే ఎగిరింది. పొయ్యి మీద కోడి మాడిపోతోందయ్యా!"

"అంతా నీ వల్లే ఆలస్యం!"

వాళ్ళ వెనకాల హుల్డా చేతికర్ర ఆనించుకుంటూ, మెట్టుకో నిట్టూర్పు విడుస్తూ, తీరిగ్గా దిగుతుండేది. ఆవిణ్ణి మాత్రం ఒక్క మాట అనేవాడు కాదు.

నేలమాళిగలో పెట్టెలన్నీ ఇటుకల మీదికెక్కాయి. ఇంటి కాగితాలు అటకెక్కాయి. తాగేనీళ్ళు పైనా కిందా కూడా పెట్టాడు. పక్కింటి రోసలీ కంచె మీంచి, "ఈ వేళ పైకా, కిందికా?" అని అడిగి మరీ నవ్వేది.

మే నెలలో రెండూ కలిసే వచ్చాయి. మూడు రోజుల వానకు నేలమాళిగలో మోకాలిలోతు నీళ్ళు నిలిచాయి. నాలుగో రోజు మధ్యాహ్నం సుడిగాలి సైరన్ మోగింది. డెల్మర్ గరిటె ఎత్తి, అలాగే నిలబడిపోయాడు.

"ఎన్ని కొడతావయ్యా?" అంది లవోన్.

గరిటె అవతల పారేశాడు. "స్నానాలగదిలోకి! కిటికీ లేనిది అదొక్కటే."

హుల్డాను తొట్టిలో కూర్చోబెట్టి, పైన పరుపు కప్పి, తామిద్దరూ పక్కన ముడుచుకున్నారు. ఇల్లంతా గడగడలాడింది. హోరు తగ్గాక డెల్మర్ తొంగి చూసి వచ్చాడు. తమ కారుషెడ్డు కప్పు ఎగిరి రోసలీ పెరట్లో పడింది. రోసలీ మాత్రం గుమ్మంలో నిలబడి దాన్ని తిడుతోంది.

లవోన్ అడిగేసింది. "మనిద్దరం అరనిమిషంలో దిగుతాం. నన్నెందుకయ్యా ఇన్నాళ్ళూ తిట్టి పరుగెత్తించావు?"

డెల్మర్ గొంతు తగ్గించాడు. "మీ అమ్మకి మెట్లు అలవాటవ్వాలి కదే. ఆవిణ్ణొక్కదాన్నే దిగి చూపించమంటే మనసు కష్టపెట్టుకోదూ?"

పరుపు కింద నుంచి సమాధానం వచ్చింది.

"కష్టపెట్టుకునేదాన్నే. అందుకే తెలియనట్టు ఊరుకున్నాను. ముందీ పరుపు తియ్యి అల్లుడూ, ఊపిరాడటం లేదు!"