మూడుంబావుకు తగ్గే కలర్

దయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. నా నమ్మకమంతా లూజు కనెక్షన్ మీదే. ఇల్లందులో ఇరవై ఏళ్ళుగా టీవీలు, డిష్‌లు బాగుచేస్తున్నాను. టీవీలో ఎవరో ఏడుస్తున్నారని భయపడి పిలిచిన ఇంట్లో స్పీకర్ చిరిగి ఉంది. బొమ్మ వణుకుతోందని గుమ్మానికి నిమ్మకాయలు కట్టిన ఇంట్లో డిష్ పట్టుకుని కోతి ఊగుతోంది. అలాంటి నేను ఈ సంగతి రాయడమంటే నాకే సిగ్గుగా ఉంది. పైగా ఇది మా అత్తగారింటి సంగతి.

మా మామ ముప్పై ఏళ్ళు బొగ్గు బావిలో దిగాడు. రోజంతా టోపీ లైటు వెలుతురులో పనిచేసి వచ్చిన మనిషికి టీవీ రంగులు కళ్ళల్లో గుచ్చుకునేవట. ఇంటికి రాగానే కాళ్ళు కడుక్కుని, కుర్చీలో కూర్చుని, రిమోట్ తీసుకుని కలర్ తగ్గించేవాడు. ఎంత తగ్గించేవాడంటే, సీరియల్‌లో పెళ్ళికూతురు కూడా బూడిద పూసుకున్నట్టు ఉండేది. ఆయన అటు లేవగానే అత్తమ్మ మళ్ళీ పెంచేది. ఆమెకు రంగులంటే ప్రాణం. ఈ తగాదా ఎప్పుడు మొదలైందో నా పెళ్ళి నాటికే ఎవరికీ గుర్తులేదు.

రిటైరయ్యాక కూడా మామ మొదటి షిఫ్టు మానలేదు. బావి మూతపడినా పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని పోయి, పాత గేటు దగ్గరి చాయ్ దుకాణంలో దోస్తులతో కూర్చునేవాడు. సరిగ్గా మూడుంబావుకు ఇంటి ముందు సైకిల్ దిగేవాడు. ఆదివారాలు, పండగలు మాత్రం సెలవు. ఆ రోజుల్లో పొద్దుటి నుంచీ రిమోట్ ఆయన చేతిలోనే.

మామ పోయి రెండేళ్ళయింది. పాత డబ్బా టీవీ తీసేసి నేనే అత్తమ్మకు కొత్త హెచ్‌డీ టీవీ బిగించాను. మొదటిరోజు ఆమె రంగులు చూసి పిల్లలా చప్పట్లు కొట్టింది.

ఈ యేడు శ్రీరామనవమికి పదిహేను రోజుల ముందు ఫోన్ చేసింది.

"అల్లుడా, టీవీ ఖరాబైంది. మనుషులందరు పాలిపోయి కనవడుతున్రు. జల్దీ రా."

అంత తొందర ఎందుకో నాకు తెలుసు. భద్రాద్రి రామయ్య కల్యాణానికి ఆమె, వాడకట్టు ఆడవాళ్ళు కలిసి నెలరోజులు కూర్చుని వడ్లను గోళ్ళతో ఒలిచి తలంబ్రాల బియ్యం పంపారు. రోకలి తగలకూడదు, గింజ విరగకూడదు. ఆమె బొటనవేలి గోరు సగం ఊడింది. అన్నిచోట్లా తలంబ్రాలు పసుప్పచ్చగా ఉంటే భద్రాచలంలో గులాల్ కలిపి ఎర్రగా చేస్తారు కదా. తను ఒలిచిన బియ్యం ఎర్రగా మారి రామయ్య తల మీద పడటం చూడాలి, అంతే. మోకాళ్ళ నొప్పులతో ఆ జనంలోకి పోవడం ఆమె వల్ల కాదు. టీవీయే దిక్కు. నవమినాడు మా ఇంట్లోనే చూద్దాం రండని వాడంతా చెప్పేసింది కూడా.

వెళ్ళి చూస్తే టీవీ బ్రహ్మాండంగా ఉంది. నేను నవ్వి, నాకు తెలిసిందంతా చెప్పాను. హెచ్‌డీలో కలర్ ఏ రెండు చానెళ్ళకూ ఒక్కలా ఉండదు. ఒకే మంత్రి, ఒకే మీటింగ్. ఒక చానెల్‌లో పసుపు స్నానం చేసినట్టుంటాడు, ఇంకోదాంట్లో ఎండదెబ్బ తగిలినట్టుంటాడు. మధ్యలో ప్రకటన వస్తే అదొక రంగు. పంపేవాళ్ళ దగ్గరే తేడా, మన టీవీ తప్పు కాదన్నాను.

అత్తమ్మ గోడ గడియారం వైపు చూసి, "కొంచెం సేపు కూసో" అంది.

మూడుంబావుకు రంగు దిగిపోయింది. ఎవరో బటన్ నొక్కుతున్నట్టు మెట్టుమెట్టుగా దిగింది. చానెల్ మార్చాను, అన్నీ అంతే. మెనూ తెరిస్తే కలర్ యాభై దగ్గర కదలకుండా ఉంది. ఎదురుగా బొమ్మ మాత్రం పాలిపోయి ఉంది.

గదిలో వెలుతురును బట్టి బొమ్మను తగ్గించే సెట్టింగు ఒకటుంటుంది. అది ఆపాను. మర్నాడు మూడుంబావుకు మళ్ళీ అదే వరస. వైరు మార్చాను, సెట్ టాప్ బాక్స్ మార్చాను. చివరికి ఆ టీవీని షాపుకు తెచ్చి, షాపులోది అక్కడ పెట్టాను. షాపుకొచ్చిన టీవీ రాత్రిదాకా నిగనిగలాడింది. అత్తమ్మ ఇంట్లో పెట్టిన టీవీ మూడుంబావుకు పాలిపోయింది. ఆదివారం పోయి చూస్తే పొద్దుటి నుంచే పాలిపోయి ఉంది. ఆదివారం మామకు సెలవని అప్పుడు గుర్తొచ్చింది. అయినా బయటికి మాత్రం, కరెంటు హెచ్చుతగ్గులు అన్నాను.

"ఎప్పటి నుంచి ఇట్ల?" అని అడిగాను.

"పెత్రమాస నుంచి. ఆర్నెల్లు ఓర్సుకున్న, నవమికి గూడ గిట్లనే ఉంటదని పిలిచిన."

పెత్రమాసకు, అంటే మహాలయ అమావాస్యకు, పెద్దలకు పెట్టేటప్పుడు పోయినవాళ్ళకు ఇష్టమైనవి ఫొటో ముందు పెడతారు. అత్తమ్మ మటన్ కూర, బీడీ కట్ట, దాంతోపాటు పాత టీవీ రిమోట్ పెట్టిందట. కూర పిల్లలు తిన్నారు. రిమోట్ ఇంకా ఫొటో ముందే ఉంది.

తీసి చూశాను. అది వేరే కంపెనీది, పాత డబ్బా టీవీది. లోపల సెల్సు లేవు, స్ప్రింగులు తుప్పుపట్టి ఉన్నాయి. ఇరవై ఏళ్ళ అనుభవంతో చెబుతున్నాను, దాంతో ఏ టీవీ కలరూ తగ్గదు. దాన్ని మళ్ళీ ఫొటో ముందే, ఎలా ఉందో అలాగే జాగ్రత్తగా పెట్టేశాను.

నవమినాడు అత్తమ్మ టీవీని తిరిగి తెచ్చి, దాని పక్కన షాపులోని మంచి టీవీ కూడా పెట్టాను. పండగ కదా, సెలవు. రెండూ పొద్దుటి నుంచే పాలిపోయాయి. వాడకట్టు ఆడవాళ్ళు పదిమంది వచ్చి కూర్చున్నారు. సీతమ్మ పట్టుచీర గోనెసంచిలా కనిపిస్తోంది.

"అల్లుడు మెకానిక్కే గద?" అందొకామె.

నేను మెనూ తెరిచి పట్టుకుని, తల వంచుకుని, అవసరం లేని బటన్లన్నీ నొక్కుతున్నాను. జీలకర్ర బెల్లం అయింది, మంగళసూత్రం అయింది. అర్చకులు తలంబ్రాల పళ్ళెం ఎత్తారు. పళ్ళెంలో సిమెంటు పోసినట్టుంది.

అత్తమ్మ లేచింది. టీవీ వైపు కాదు, ఫొటో వైపు తిరిగి చేతులు చాపి గోళ్ళు చూపించింది.

"ఏందయ్యా నువ్వు? నెలరోజులు గోర్లు పోంగ ఒలిచిన. ముప్పై ఏండ్లు నీ బూడిద రంగే సూసిన. ఇయ్యాల ఒక్కపారి ఎర్రగ సూడనియ్యి. నువ్వు గూడ సూడు."

రెండు టీవీల్లోనూ ఒకేసారి రంగు ఎక్కింది. ఎర్రటి తలంబ్రాలు దోసిళ్ళ నిండా పడ్డాయి. ఆడవాళ్ళు రామ రామ అని అరిచారు. అత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నా చేతిలో మెనూ ఇంకా తెరిచే ఉంది. కలర్ యాభై. మొదటి నుంచీ యాభైయే.

ఆ తర్వాత టీవీ ఎప్పుడూ పాలిపోలేదు. ఆదివారమైనా, మూడుంబావైనా రంగులే రంగులు. నా పరువు నిలబడిందని వారం రోజులు కాలరెగరేసుకుని తిరిగాను.

పదో రోజున ఫోన్.

"అల్లుడా, టీవీ ఖరాబైంది."

"మళ్ళ ఏమైందత్తమ్మా?"

"కలర్ తగ్గుతలేదు."

ఇరవై ఏళ్ళలో నాకు అలాంటి కంప్లయింట్ రాలేదు. వెళ్ళేసరికి ఆమె ఫొటో ఎదురుగా కూర్చుని ఉంది. పాత రిమోట్ తుప్పు గీకి కొత్త సెల్సు వేసింది. పక్కన తాజా బీడీ కట్ట ఉంది.

"పదిమంది ముంగట అన్న. అలిగిండు" అంది, చిన్న గొంతుతో.

మూడుంబావుకు, కొత్త రిమోట్ వీపు వెనక దాచి, మెట్టుమెట్టుగా కలర్ తగ్గించాను. బొమ్మ పాలిపోగానే ఆమె మొహం వెలిగింది. ఒక్క క్షణమే. వెంటనే నా మోచేతి వైపు చూసింది.

"నువ్వు తగ్గిస్తే నాకెందుకు బిడ్డా. మళ్ల పెంచు."

పెంచాను.

ఇది ఎలా జరిగిందో నాకు ఇవాళ్టికీ తెలియదు. షాపులోని కంప్లయింట్ల పుస్తకంలో అన్నీ కొట్టేశాను గానీ 'కలర్ తగ్గడం లేదు' అన్నది మాత్రం అలాగే ఉంది. దయ్యాలను ఇప్పటికీ నమ్మను. కానీ చాయ్ వంకతో మధ్యాహ్నాలు అత్తమ్మ ఇంటికి పోతున్నాను. మూడుంబావు అవుతుంటే ఇద్దరం మాటలు ఆపి టీవీ వైపు చూస్తాం. ఒక్కసారి తగ్గించు మామా అని, పైకి అనను గానీ, నేనూ అడుగుతున్నాను.