ముగ్గుపిండి రుద్దిన సమాధి రాయి

ఫిబ్రవరి తొమ్మిది, ఆదివారం. ఉదయగిరి గ్రంథాలయం. హాజరైనవారు: సర్వే శాఖలో పనిచేసి రిటైరైన నేను, ఆత్మకూరు నుంచి వచ్చిన ఫొటో స్టూడియో యజమాని, తెలుగు పండితురాలిగా రిటైరైన టీచరమ్మ, గ్రంథపాలకుడు, ఫొటోలు పంపినవారు పదకొండు మంది. కుర్చీలు చాలక ఇద్దరు కిటికీ గట్టు మీద కూర్చున్నారు.

ఆ రోజు నా డైరీ పేజీ ఇలాగే మొదలవుతుంది. ఉద్యోగంలో చేరిన ఏడాది నుంచి డైరీ రాస్తున్నాను. హాజరు వేయనిదే విషయంలోకి వెళ్లే అలవాటు లేదు. ఆ పేజీలో రాయకుండా దాటేసిన ఒక మాట కోసం ఇదంతా ఇప్పుడు రాస్తున్నాను.

మన ప్రాంతంలో రాళ్ల మీద ఉన్న పాత రాతలను ఫొటో తీసి పంపమని గ్రంథాలయం వాళ్లు పోటీ పెట్టారు. న్యాయనిర్ణేతలం ముగ్గురం. మార్కుల పద్ధతి నేను తయారుచేశాను: అక్షరాల స్పష్టతకు పది, వెలుతురుకు ఐదు, చుట్టూ ఉన్న చోటు తెలిసేలా తీసినందుకు ఐదు.

"ఫొటోకు ఈ కొలతలేంది సార్, సెంటూ కుంటా లెక్కేసేదానికి అదేమన్నా పొలమా?" అన్నాడు స్టూడియో ఆయన. అయినా నా కాగితం మీదే మార్కులు వేశాడు.

నాలుగో నంబరు, తొమ్మిదో నంబరు ఫొటోలు ఒకే రాయివి. కొండ కింద పాత ముస్లిం శ్మశానంలో తలవైపు నిలబెట్టిన సమాధి రాయి. దాని మీద పారసీ లిపిలో ఐదు వరుసలు. నాలుగో దాంట్లో అక్షరాలు తెల్లగా, పలక మీద రాసినట్టు మెరుస్తున్నాయి. తొమ్మిదో దాంట్లో రాయి బూడిద రంగులో ఉంది, అంచున నాచు, పక్కన తుమ్మచెట్టు నీడ. అక్షరాలు ఉన్నాయంటే ఉన్నాయి, అంతే.

"తొమ్మిదోది చూస్తా ఉంటే ఆ చోటుకు పోయి నిలబడినట్టు ఉండాది," అంది టీచరమ్మ.

"అక్షరం కనపడాలి గదమ్మా. పోటీ పెట్టిందే రాత కోసం," అన్నాను.

"మీకు చదవను వచ్చా, సార్?"

రాదు. ముగ్గురిలో ఎవరికీ రాదు. అయినా నాలుగో దానికి స్పష్టత కింద పదికి పది వేశాను, తొమ్మిదో దానికి మూడు. మిగతా ఇద్దరి మార్కుల్లో పెద్ద తేడా లేదు. నా ఏడు మార్కుల తేడాతోనే నాలుగో నంబరు గెలిచింది.

గెలిచినతను ఆత్మకూరులో సెల్‌ఫోన్లు బాగుచేసే మనిషి. శాలువ కప్పించుకున్నాక టీ తాగుతూ నా దగ్గరికి వచ్చాడు.

"అంతా మీ చలవే సార్. పోయిన నెల ఈ పోటీ గురించి పెట్టిన ఆత్మకూరు మీటింగులో మీరు చెప్పినారు గదా, ముగ్గుపిండి రుద్దితే అక్షరం పైకి తేలతాదని. అట్లే చేసినాను."

చెప్పింది నేనే. సర్వే రాళ్ల మీద గుర్తు అరిగిపోతే పక్క ఇంట్లో గుప్పెడు ముగ్గుపిండి అడిగి, రుద్ది, పైపిండి ఊదేస్తే గుర్తులో మిగిలిన తెలుపు కనబడేది. సర్వీసంతా అలాగే చదివాను. ఆ ఉపాయం పదిమందికి చెప్పి మెప్పు పొందాలని ఉండేది.

"పిండి నిలవలేదు సార్, అరిగిపోయుండాది. మేకుతో రవ్వంత గీకినాను. అప్పుడు పట్టుకునింది."

"అయితే మేకుక్కూడా ఒక శాలువ కప్పల్లరా!" అన్నాడు స్టూడియో ఆయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

అతను ఆత్మకూరు బస్సుకు వెళ్లిపోయాక తొమ్మిదో నంబరు మనిషి వచ్చింది. ఊళ్లో జాకెట్లు కుట్టే ముప్పై ఏళ్ల అమ్మాయి. గోడ మీది నాలుగో ఫొటో ముందు చాలాసేపు నిలబడి ఉండటం అంతకుముందే చూశాను.

"సార్, ఆ రాయి మా తాతకు తాతది. మేం ఎవరమూ దాని మీద చెయ్యి పెట్టం. కాసిన్ని నీళ్లు చల్లి వస్తాం. వారం రోజులు పొద్దున్నే పోయి కూర్చున్నాను, ఎండ పక్కగా తగిలితే అక్షరాలు లేస్తాయని." ఫొటోలో మూడో వరుస చూపించింది. "ఇది అక్షరం కాదు సార్, రాతి పగులు. దీన్ని గూడా చెక్కి పెట్టినాడు."

నేను ఫొటోకు దగ్గరగా వంగి ఆ వరుస చూశాను.

"నాకు బహుమతి వద్దు. ఇట్లా చెయ్యమని ఆయనకు ఎవరు చెప్పినారో అది చెప్పండి చాలు."

"కనుక్కుంటానమ్మా," అన్నాను.

ఇంటికి వచ్చి డైరీలో ఇలా రాశాను: "తొమ్మిదో నంబరు అభ్యర్థిని అభ్యంతరం తెలిపినది. విచారించవలెను." ఆఫీసులో తప్పు మనదైనప్పుడు ఇలాంటి వాక్యాలే రాసేవాళ్లం. తర్వాత జనవరి పేజీ తిప్పాను. ఆత్మకూరు మీటింగు రోజు. "ముగ్గుపిండి సంగతి చెప్పితిని. అందరూ మెచ్చుకొనిరి." విచారణ అక్కడితో అయిపోయింది. నా మార్కులు రద్దు చేయమని గ్రంథపాలకుడికి ఒక కాగితం రాసి జేబులో పెట్టుకున్నాను.

మర్నాడు ఆరున్నరకు శ్మశానానికి వెళ్లాను. ఆమె అప్పటికే అక్కడ ఉంది. ప్లాస్టిక్ బిందె, పాత నూలుగుడ్డ పక్కన పెట్టుకుని, రాయిని తాకకుండా చెంబుతో నీళ్లు పోస్తోంది. పిండి కరిగి తెల్లగా కారుతోంది.

"చెప్పింది నేనేనమ్మా," అన్నాను.

తల ఎత్తలేదు. "నిన్న కనుక్కుంటానన్నారే. దొరికినాడా?"

"దొరికాడు."

కాగితం తీసి ఇచ్చాను. చేతులు గుడ్డకు తుడుచుకుని, చదివి, మడిచి తిరిగి ఇచ్చింది.

"గ్రంథాలయంలో ఇయ్యండి సార్, మీ ఇష్టం. దీంతో రాయికి ఏమైతాది?"

మూలన మిగిలిన పిండిని తుడుద్దామని జేబురుమాలు తీశాను.

"చెయ్యి పెట్టబాకండి. నీళ్లు పొయ్యండి."

పోశాను. ఆరూ యాభై రెండుకు ఎండ తుమ్మచెట్టు పక్క నుంచి రాయి మీద పడింది. మొదటి వరుస లేచింది, తర్వాత రెండోది. నేను మూడు మార్కులు వేసింది దీనికే. ఆమె వేలు గాల్లోనే ఆడిస్తూ చదివింది: ఇది పేరు, ఇది ఊరు. మూడో వరుస దగ్గర వేలు ఆగిపోయింది. అక్కడ పిండి పోయింది గానీ మేకు గీత తడిసినా ఇంకా తెల్లగా కనబడుతోంది.

ఎండ పైకి వచ్చేసరికి అక్షరాలు మళ్లీ రాతిలో కలిసిపోయాయి. గీత ఒక్కటే మిగిలింది.

"ఇంకో బిందె తెండి సార్," అంది. నేను బోరింగు దగ్గరికి వెళ్లాను.