'నాకు తెలిసిన మనిషి'

2006 వేసవి. అమ్మకాల మీద కొత్త పన్ను, వ్యాట్, వచ్చి ఏడాది దాటింది. ఖమ్మంలో నేను టాక్స్ ప్రాక్టీషనర్‌ని. వ్యాపారుల తరఫున పన్ను కాగితాలు నింపి, పన్నుల ఆఫీసులో వాళ్ల బదులు మాట్లాడటం నా పని. మా ప్రాక్టీషనర్ల సంఘంలో అప్పటికి నేనొక్కదాన్నే ఆడమనిషిని. దానికి తగ్గ పొగరూ ఉండేది. సంఘమంటే క్యాలెండర్లు పంచడం, గడువు పెంచమని వినతిపత్రాలివ్వడం, ఏడాదికో పిక్నిక్, అంతే అనుకునేదాన్ని. చందా కట్టిన ప్రతిసారీ సణిగేదాన్ని.

ఒకరోజు పొద్దున్నే ఇల్లందు బస్సు దిగి ఒకాయన నేరుగా నా ఆఫీసుకొచ్చాడు. పేరు ముత్తయ్య. టేకులపల్లి అవతల అడవిలో కోయగూడెం. ఆశ్రమ పాఠశాల హాస్టల్లో ఎనిమిదేళ్లుగా రోజుకూలీ మీద వంట చేస్తున్నాడు. చేతిలో షోకాజ్ నోటీసు ఉంది. అంటే, మీ మీద చర్య ఎందుకు తీసుకోకూడదో చెప్పమని అడిగే కాగితం. ముత్తయ్య పేరున కాగితం మిల్లుకు జామాయిల్ కర్ర సరఫరా చేసే సంస్థ ఉందట, నెలల తరబడి పన్ను లెక్కల రిటర్నులు వేయలేదట.

"నాకు యాపారమేందమ్మా? పొద్దుగాల లేస్తే రెండొందల మందికి వండుడే నా పని," అన్నాడు. "వంటోళ్లను పర్మనెంట్ చేస్తుండ్రు. లిస్టుల నా పేరొచ్చింది. గీ కాగితం జూసి వార్డెన్ సారు, యాపారం ఉన్నోనికి సర్కారు కొలువెట్లిస్తరు, సోమవారం దాటకుంట తేల్చుకొని రా అన్నడు."

"మరి నా దగ్గరికెందుకొచ్చావు?"

నోటీసు వెనక ఇంకో కాగితం తీశాడు. రిజిస్ట్రేషన్ దరఖాస్తు నకలు. కింద నా సంతకం, నా రబ్బరు ముద్ర. దాని పైన నా చేతిరాతే: 'నాకు తెలిసిన మనిషి.'

"'గీ మేడానికి నువ్వు మంచిగ తెలుసంట' అని వార్డెన్ సారు చదివి చెప్పిండు. తెలుసు గదా అమ్మా, నాకు యాపారం లేదని జెర చెప్పు."

ఆ మనిషిని చూడటం అదే మొదటిసారి.

జరిగింది అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. రిజిస్ట్రేషన్‌కు ఎవరైనా కొత్త డీలరును, అంటే వ్యాపారిని, తీసుకొస్తే 'తెలిసిన మనిషి' అని రాసి ముద్ర వేయడం మా అలవాటు. వ్యాట్ మొదలైనప్పుడు జాతరలా జనం. నాకు బాగా పాత క్లయింటైన ఒక కర్ర కాంట్రాక్టర్ ఫొటోలు, సంతకాలు అన్నీ సిద్ధంగా తెచ్చి బల్ల మీద పెట్టాడు. మనిషేడని అడగకుండా ముద్ర కొట్టేశాను. పన్ను తన మీద పడకుండా, మిల్లులో పనికి కార్డు ఇప్పిస్తానని చెప్పి ముత్తయ్య దగ్గర ఆ సంతకాలు తీసుకున్నాడట. ఇప్పుడు ఆ కాంట్రాక్టర్ ఫోనుకు దొరకడం లేదు.

గుట్టుగా చేసే దారి ఒకటుంది. రిజిస్ట్రేషన్ అర్జీ పెట్టిన రోజు నుంచి రద్దు చేయమంటే సరి. కానీ అప్పటిదాకా వ్యాపారం ముత్తయ్యదేనని రికార్డులో ఉండిపోతుంది, కొలువు పోతుంది. మొదటి రోజు నుంచే చెల్లదనాలంటే నేను రాసింది అబద్ధమని నేనే చెప్పాలి. నిజం చెబుతున్నాను, నాకు భయమేసింది. నా ప్రాక్టీసు ఏమైపోతుందో అనుకున్నాను.

సాయంత్రం సంఘం గదికి వెళ్లాను. అధ్యక్షుడు నర్సయ్య గారిది తల్లాడ, మా అందరికీ పెద్ద. చెప్పింది విని కళ్లజోడు తీసి పక్కన పెట్టారు. వెనక నుంచి ఒక మెంబరు, "మీరెందుకు ఒప్పుకోవాలె మేడం? కాంట్రాక్టర్ మోసం జేసిండని రాసిచ్చి చేతులు దులుపుకోండి," అన్నాడు.

నర్సయ్య గారు అందరి వైపూ తిరిగారు. "మనిషిని చూడకుంట ఎప్పుడూ ముద్ర కొట్టనోళ్లు చెయ్యెత్తుండ్రి."

గదిలో పద్నాలుగు మందిమి. ఒక్క చెయ్యీ లేవలేదు.

"అయితే గిది సరళమ్మ ఒక్కదాని తప్పు కాదు," అని ఆయన నా వైపు చూపించారు. "సోమవారం నేనూ వస్త. సంఘం తరఫున ఉత్తరం ఇద్దాం. ఇంకోటి, మూడు నెలలు సరళమ్మ కొత్త డీలర్లను పరిచయం చెయ్యొద్దు."

నాకు ఒళ్లు మండింది. "చెయ్యెత్తలేనోళ్లు నాకు శిక్ష వేస్తారా?"

"అవ్, వేస్తం. బయటపడ్డది నీది. ఆ ముత్తయ్యకు జవాబు చెప్పాల్సింది ఎవరమ్మా?"

శిక్షకు ఒప్పుకున్నాను.

సోమవారం పన్నుల ఆఫీసరు దరఖాస్తు నా ముందు పెట్టి, "ఈయన మీకు తెలుసా?" అని అడిగాడు. "అప్పుడు తెలియదు సార్. తెలుసని తప్పు రాశాను," అన్నాను. అదే రాసిచ్చాను. పక్కన నర్సయ్య గారు కదలకుండా నిలబడ్డారు. ఆఫీసరు నన్ను గట్టిగానే మందలించాడు, అది నాకు దక్కాల్సిందే. ముత్తయ్యను చాలాసేపు ప్రశ్నలడిగి, ఇచ్చిన రోజు నుంచే రిజిస్ట్రేషన్ చెల్లదని ఉత్తర్వు రాశాడు. ఆ మధ్యాహ్నమే ముత్తయ్య దాన్ని మడిచి జేబులో పెట్టుకుని బస్సెక్కాడు.

ఆ వారమే సంఘం గదిలో ఒక పుస్తకం పెట్టాం. కొత్త డీలరు ఎవరైనా అక్కడికొచ్చి కూర్చోవాలి, ఏం వ్యాపారమో తన నోటితో చెప్పాలి, మా ముందు సంతకం చేయాలి. మొదట్లో అందరూ విసుక్కున్నారు, నాతో సహా. తర్వాత ఆ పుస్తకం చూపించమని పన్నుల ఆఫీసు వాళ్లే అడగడం మొదలుపెట్టారు. చందా కట్టేటప్పుడు నేను మళ్లీ సణగలేదు. మన తప్పును మన ముందే తప్పు అనేవాళ్లు, అన్నాక మన పక్కన వచ్చి నిలబడేవాళ్లు ఉండటానికే సంఘమని నాకు అప్పుడు తెలిసింది.

రెండేళ్లకు ముత్తయ్య మళ్లీ వచ్చాడు, బావమరిదిని వెంటబెట్టుకుని. ఆ బావమరిది టేకులపల్లిలో సిమెంటు దుకాణం పెడుతున్నాడు. ఇద్దరినీ సంఘం గదికి తీసుకెళ్లాను. పుస్తకం తెరుస్తూ నర్సయ్య గారు ముత్తయ్యను గుర్తుపట్టక, "ఈయనెవరమ్మా?" అన్నారు.

నేను నోరు తెరవకముందే ముత్తయ్య నవ్వాడు.

"హాస్టల్ల పర్మనెంట్ వంటోన్ని సారూ. మేడానికి తెలిసిన మనిషినే. ఇగ నిజంగ తెలుసు."